30 హెచ్‌పీ అడిగారు, 15 హెచ్‌పీ పెట్టాం: ఆటోనగర్ బాడీ షెడ్డులో కంప్రెసర్ ఎంపిక

2023 మే రెండో వారంలో విజయవాడ జవహర్ ఆటోనగర్‌లోని ఒక లారీ బాడీ బిల్డింగ్ షెడ్డు నుంచి ఫోన్ వచ్చింది. "ఇంజనీరు గారూ, 30 హెచ్‌పీ స్క్రూ కంప్రెసర్‌కి కొటేషన్ తీసుకున్నామండీ. అడ్వాన్స్ కట్టే ముందు మీరొకసారి చూసి సరే అంటే కట్టేస్తాం" అన్నారు యజమాని. గాలిని నొక్కి పనిముట్లకు పంపే కంప్రెసర్ల సర్వీసులో ఇన్నేళ్లుగా ఉన్నాను. ఫోన్లు ఎక్కువగా మిషన్ కొన్నాక వస్తాయి, కొనకముందు పిలిచేవాళ్లు తక్కువ. ఆ మర్నాడే వెళ్లాను.

షెడ్డులో 11 ఏళ్లుగా నడుస్తున్న 15 హెచ్‌పీ రెండు స్టేజీల పిస్టన్ కంప్రెసర్ ఉంది, దాని కింద 500 లీటర్ల ట్యాంకు. కంప్లయింట్లు మూడు చెప్పారు. పొద్దున పదకొండు దాటితే లప్పం గీకే సాండర్లు బలం లేకుండా తిరుగుతున్నాయి. మిషన్ ఆగకుండా కొడుతూనే ఉంటోంది, మూడు నాలుగు నెలలకోసారి వాల్వు ప్లేట్లు మార్చాల్సి వస్తోంది. మూడోది అన్నిటికంటే ఖరీదైనది: పెయింటు గన్నులోంచి నీళ్లు చిమ్మి, టాప్ కోట్ మీద బుడగలు లేస్తున్నాయి. అంతకుముందు నెలలో రెండు క్యాబిన్లు మళ్లీ గీకి, మళ్లీ ప్రైమర్ కొట్టి, మళ్లీ పెయింటు వేశారట. డెలివరీ లేటయిందని లారీ ఓనరు పెట్టిన టెన్షన్ ఆ ఖర్చుకు అదనం.

ఈ మూడింటికీ ఒకటే మందు, పెద్ద మిషన్, అని కొటేషన్ ఇచ్చినవాళ్లు చెప్పారు. షెడ్డులో ఉన్న పనిముట్లన్నిటి గాలి లెక్క కూడారు. మూడు సాండర్లకు 36 సీఎఫ్ఎం (నిమిషానికి ఇన్ని ఘనపు అడుగుల గాలి అని), రెండు పెయింటు గన్నులకు 24, రెండు బ్లో గన్నులకు 24, చక్రాల బోల్టులు విప్పే ఒక అంగుళం ఇంపాక్ట్ రెంచికి 25, ప్లాస్మా కటింగుకు 6, ఎయిర్ డ్రిల్లుకు 6. మొత్తం 121. 22 కిలోవాట్ల, అంటే 30 హెచ్‌పీ స్క్రూ కంప్రెసర్ సుమారు 120 సీఎఫ్ఎం ఇస్తుంది, కాబట్టి సరిగ్గా సరిపోతుంది అన్నారు. కూడికలో తప్పేమీ లేదు. ఇవన్నీ ఒకేసారి నడుస్తాయా అన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయలేదు.

ముందు ఉన్న మిషన్‌ని కొలిచాం

కొత్తది ఎంత కావాలో తేలాలంటే పాతది నిజంగా ఎంత ఇస్తోందో తెలియాలి. నేమ్‌ప్లేటు మీద 70 సీఎఫ్ఎం అని ఉంది. అది పిస్టన్ డిస్‌ప్లేస్‌మెంట్, అంటే సిలిండరు కొలతనీ స్పీడునీ గుణిస్తే వచ్చే అంకె. పనిముట్టుకు చేరేది ఎఫ్ఏడీ, అంటే మిషన్ బయటికిచ్చే గాలిని అది పీల్చుకున్న చోటి వాతావరణ స్థితికి మార్చి చెప్పే లెక్క. ఈ సైజు పిస్టన్ మిషన్ కొత్తగా ఉన్నప్పుడు 50 పైచిలుకు ఇవ్వాలి. కొటేషన్లు పోల్చేటప్పుడు చాలామంది ఇక్కడే పొరబడతారు. ఒక కంపెనీ డిస్‌ప్లేస్‌మెంట్ రాస్తుంది, ఇంకొకటి ఎఫ్ఏడీ రాస్తుంది, చూసేవాళ్లకు మొదటిదే పెద్ద మిషన్‌లా కనిపిస్తుంది. అందుకే ఐఎస్ఓ 1217 ప్రకారం కొలిచిన ఎఫ్ఏడీ ఎంత, ఏ ప్రెషర్ దగ్గర, అని రాతపూర్వకంగా అడగమంటాను.

పాత మిషన్ ఎఫ్ఏడీ కొలవడానికి ల్యాబ్ అక్కర్లేదు. ట్యాంకు ఖాళీ చేసి, బయటికెళ్లే వాల్వు మూసి, ట్యాంకులో ప్రెషర్ 7 బార్‌కు చేరడానికి ఎంత సేపు పడుతుందో స్టాప్‌వాచ్‌తో చూస్తే చాలు. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి, ముందు ట్యాంకులో నీళ్లు పూర్తిగా తీసేయాలి. డ్రెయిన్ వాల్వు తిప్పితే మొదట ఏమీ రాలేదు. తుప్పు అడ్డుపడి ఉంది. కమ్మీతో పొడిస్తే కాఫీ రంగులో నూనె కలిసిన నీళ్లు బుసబుసా వచ్చాయి. కుర్రాడు రెండు బకెట్లు నింపి, మూడోదాని కోసం పరిగెత్తాడు. "ఇది ఎప్పుడు తీశావు తమ్ముడూ?" అంటే, "తియ్యాలని తెలీదన్నా" అన్నాడు. వాడిని తప్పుపట్టడానికేం లేదు, ఎవరూ చెప్పలేదు. అన్ని నీళ్లు లోపలుండగా టెస్ట్ చేసుంటే ట్యాంకు త్వరగా నిండేది, మిషన్ బాగానే ఉందని అబద్ధపు లెక్క వచ్చేది.

ట్యాంకూ, దానికి అంటుకున్న పైపుముక్కా కలిపి 510 లీటర్లు. 7 బార్ చేరడానికి 3 నిమిషాల 16 సెకన్లు పట్టింది. 510ని 7తో గుణించి, వాతావరణ పీడనం 1.013తో భాగిస్తే 3,524 లీటర్లు. దాన్ని నిమిషాలతో భాగిస్తే నిమిషానికి 1,079 లీటర్లు, అంటే 38 సీఎఫ్ఎం. ట్యాంకులో గాలి 55 డిగ్రీలు, బయట పీల్చే గాలి 41. ఆ వేడి తేడా సరిచేస్తే 36 పైన కొద్దిగా. మూడు సార్లు చేశాం, మూడూ దగ్గరదగ్గరగానే వచ్చాయి.

50కి పైన ఇవ్వాల్సింది 36 ఇస్తోంది. ఎందుకన్నది కూడా వెతకకుండానే దొరికింది. రెండు స్టేజీల మధ్య గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ మీద సేఫ్టీ వాల్వు మధ్యమధ్యలో టప్పుమని కొడుతోంది. రెండు స్టేజీల మధ్య రెండు, రెండున్నర బార్ ఉండాల్సిన ప్రెషర్ పెరిగిందంటే రెండో స్టేజి వాల్వులు వెనక్కి లీకవుతున్నట్టే. హెడ్ విప్పితే ప్లేట్ల మీద మసి అట్టకట్టి ఉంది. ఎయిర్ ఫిల్టరు మీద సాండింగు దుమ్మూ, పెయింటు తుంపరా కలిసి పొరలా గట్టిపడింది. మిషన్ పెట్టిన చోటే అలాంటిది: పెయింటు బూత్ గోడ పక్కన, పడమటి ఎండ తగిలే సిమెంటు రేకుల కింద. మధ్యాహ్నం రెండింటికి ఫిల్టరు ముందు థర్మామీటరు పెడితే 49 డిగ్రీలు చూపించింది. పీల్చే గాలి 4 డిగ్రీలు వేడెక్కితే కరెంటు ఖర్చు సుమారు ఒక శాతం పెరుగుతుంది. వేడి కంటే ఆ దుమ్మే ఎక్కువ నష్టం చేసింది.

36లో 16 ఎటు పోతోంది

సాయంత్రం ఏడింటికి పని ఆపించి, ఒక్క పనిముట్టు కూడా తాకొద్దని చెప్పి, కంప్రెసర్ మాత్రం ఆన్‌లో ఉంచాం. ఎవరూ గాలి వాడనప్పుడు ట్యాంకు నిండి మిషన్ అలాగే ఆగిపోవాలి. మా ముందు అది 1 నిమిషం 53 సెకన్లు కొట్టి, 2 నిమిషాల 21 సెకన్లు ఆగి, మళ్లీ కొట్టింది. అయిదు రౌండ్లు అలాగే. కొట్టిన సమయాన్ని మొత్తం సమయంతో భాగిస్తే 44 శాతం పైన. 36లో 44 శాతమంటే 16 సీఎఫ్ఎం.

పగలంతా ఆగకుండా నడిచే ఆ మిషన్ రోజుకి పది గంటల్లో 110 యూనిట్లు తింటోంది. అందులో 48 యూనిట్లు లీకులకే. యూనిట్ 7 రూపాయలు వేసుకున్నా రోజుకి 336. యజమాని ఆ అంకె నా పుస్తకంలోంచి తన సెల్‌ఫోన్‌లో ఫొటో తీసుకున్నారు.

సబ్బు నీళ్లు పట్టుకుని ఇద్దరం షెడ్డంతా తిరిగాం. పెద్ద కన్నం ఒక్కటీ లేదు. 3 మిల్లీమీటర్ల కన్నం ఒకటుంటే 7 బార్ దగ్గర అదొక్కటే 20 సీఎఫ్ఎం దాకా వదిలేస్తుంది. ఇక్కడున్నవి చిన్నచిన్నవి, కానీ 23 చోట్ల. సగానికి పైగా హోసులు తగిలించే క్విక్ కప్లర్లు. లోపలి రబ్బరు అరిగిపోయి, పైపు తగిలించి ఉన్నంతసేపూ సన్నగా బుస్సుమంటాయి. పగలు సుత్తుల మోతలో ఆ చప్పుడు వినబడదు. మిగతావి హోస్ క్లిప్పులు, ఫిల్టరు గిన్నెల అడుగులు, టేపు సరిగా చుట్టని పైపు మరలు. వెనక వైపు పదిహేను అడుగుల మేర పీవీసీ నీళ్ల పైపు వేసి ఉంది. దాన్ని ఆ రాత్రే విప్పించేశాను. పీవీసీలో నీళ్లు పోతే పగిలినా కారుతుంది అంతే. గాలి పెడితే మాత్రం ఎండకీ నూనెకీ పెళుసెక్కి, ఒకరోజు ముక్కలై బాంబులా చిమ్ముతుంది. ఆ పైపు కింద కూర్చునే కుర్రాళ్లు అన్నం తింటున్నారు.

మేస్త్రి చేతిలో గేజీ

ఈ కేసులో నాకు బాగా గుర్తుండిపోయింది ఈ ఘట్టమే. పెయింటింగ్ మేస్త్రికి అరవై దగ్గర పడ్డాయి. "బాబూ, ట్యాంకు మీద గేజీ ఎనిమిది చూపిస్తోంది, నా చేతికి మాత్రం బలం రావట్లేదు. ఆ గేజీ అబద్ధం చెప్తోందా?" అన్నారు. గేజీ నిజమే చెప్తోంది, తన దగ్గరున్న ప్రెషర్ చెప్తోంది. మేస్త్రి చేతిలో ఎంతుందో చూడాలంటే అక్కడే కొలవాలి. సాండర్ పిడి దగ్గర చిన్న టీ జాయింటు పెట్టి, రెండు అంగుళాల గేజీ బిగించాను.

సాండర్ ఆపి ఉన్నప్పుడు ముల్లు 7.8 దగ్గర నిలబడింది. "ఇప్పుడు నొక్కండి మేస్త్రి గారూ" అన్నాను. ముల్లు ఒక్కసారిగా జారి 4.4 దగ్గర వణుకుతూ ఆగింది. వదిలారు, మళ్లీ 7.8. మళ్లీ నొక్కారు, 4.4. ట్యాంకు దగ్గర నిలబడ్డ కుర్రాడు "ఇక్కడ ఎనిమిదే అన్నా" అని అరిచాడు. దాదాపు మూడున్నర బార్ దారిలోనే అయిపోతోంది.

ఆ దారిలో ఏముందంటే: అరంగుళం బ్రాంచి, మూసుకుపోయిన ఫిల్టరు, అక్కడి నుంచి 8 మిల్లీమీటర్ల సన్నటి హోసు ఇరవై మీటర్లు, మధ్యలో అతుకు పెట్టిన రెండు కప్లర్లు. ఫిల్టరు ఎలిమెంటు మార్చి, 10 మిల్లీమీటర్ల హోసు పది మీటర్లే పెట్టి, ఒక్క హై ఫ్లో కప్లరు వేశాం. ఖర్చు మూడు వేల లోపు. మళ్లీ నొక్కితే ముల్లు 6.6 దగ్గర ఆగింది. సాండర్ శబ్దమే మారిపోయింది. మేస్త్రి పనిలో ఉన్న డోరు మీద సాండర్ రెండు సార్లు తిప్పి, లప్పం తేలిగ్గా లేస్తుంటే తలెత్తి చూశారు. "ఇదేంటి బాబూ, కొత్త మిషన్ అప్పుడే తెచ్చేశావా?"

ఈ షెడ్డులో కటౌట్ ప్రెషర్, అంటే మిషన్ ఆగే ప్రెషర్, 10కి పెంచడానికి కారణం కూడా ఈ హోసులే. చేతికి బలం రాకపోతే స్విచ్చి స్ప్రింగు ఇంకాస్త బిగించడం అలవాటైంది. ఒక బార్ పెంచితే కరెంటు ఏడు శాతం దాకా పెరుగుతుంది, లీకులు కూడా ఆ మేరకు ఎక్కువ ఊదుతాయి. సాండర్లకు, రెంచీలకు కావాల్సింది పనిముట్టు దగ్గర 6.2 బార్, అంటే 90 పీఎస్ఐ. పెయింటు గన్నుకు అంత కూడా అక్కర్లేదు.

మూడు రోజుల పుస్తకం

ఆ తరువాత మూడు రోజులు షెడ్డు సూపర్‌వైజర్ చేత ఒక పుస్తకం రాయించాను. ప్రతి పది నిమిషాలకు ఏ పనిముట్టు నడుస్తోంది, ఏది ఆగి ఉంది, అంతే. పాత మిషన్ అందరికీ సరిపడా గాలి ఇవ్వలేదు కాబట్టి, వాళ్లు వాడిన గాలిని నేరుగా కొలిస్తే తక్కువ లెక్కే వస్తుంది. అందుకని నడిచిన సమయం పుస్తకంలోంచి, ఒక్కోదాని అవసరం పనిముట్టు స్పెసిఫికేషన్‌లోంచి తీసుకుని గుణించాం.

పుస్తకం తిరగేస్తే 121 అనే కూడిక ఎందుకు నిలవదో వెంటనే తెలిసింది. గన్నులు నడుస్తున్న వరసల్లో సాండర్ల గళ్లు ఖాళీగా ఉన్నాయి. మేస్త్రిని అడిగితే, "పెయింటు కొడుతుంటే పక్కన దుమ్ము లేపుతారా బాబూ? నేనే ఆపిస్తాను" అన్నారు. ఏళ్ల తరబడి ఆ షెడ్డులో నడుస్తున్న క్రమం అది. కంప్రెసర్ సైజుని నిర్ణయించే ముఖ్యమైన విషయం కూడా అదే, కానీ ఏ కేటలాగులోనూ ఉండదు. మూడు సాండర్లు కలిసి నడిచిన సందర్భం ఒక్కటీ పది నిమిషాలు దాటలేదు.

సాండింగు నడిచేటప్పుడు గరిష్ఠంగా రెండు సాండర్లు 24, ప్లాస్మా 6, ఒక బ్లో గన్ను 12, డ్రిల్లు 6, మొత్తం 48. పెయింటు నడిచేటప్పుడు గన్నులు 24, ప్లాస్మా 6, బ్లో గన్ను 12, మొత్తం 42. రోజంతటి సగటు 29. ఇంపాక్ట్ రెంచి ఎక్కువ గాలి తాగుతుంది కానీ ఒక్కో బోల్టుకు కొన్ని సెకన్లే. ఆ కొన్ని సెకన్లను చూసుకోవాల్సింది ట్యాంకు, దానికోసం మోటారు పెంచక్కర్లేదు. లీకుల్ని 4 సీఎఫ్ఎంకి తేగలమని అనుకుంటే గరిష్ఠ అవసరం 52, సగటు 33.

ఇంకో కోరిక కూడా ఉంది. నెలకు రెండు చాసిస్‌లకు శాండ్ బ్లాస్టింగ్ (ఇసుక చిమ్మి తుప్పు వదిలించడం) బయట చేయిస్తున్నారు, అది కూడా ఇక్కడే చేసుకుందామని యజమాని ఆలోచన. 6 మిల్లీమీటర్ల నాజిల్ 7 బార్ దగ్గర 80 సీఎఫ్ఎం తీసుకుంటుంది. మిగతా షెడ్డంతా కలిపినా దానికంత అక్కర్లేదు. నెలకు రెండు రోజుల పనికోసం మిగతా 24 రోజులు పెద్ద మిషన్‌ని మేపడం వద్దని గట్టిగా చెప్పాను. ఆ రెండు రోజులకు డీజిల్ పోర్టబుల్ కంప్రెసర్ అద్దెకు తెచ్చుకోవడం నయం. యజమానికి ఇది వెంటనే నచ్చలేదు, రెండు రోజులు ఆలోచించుకుని ఒప్పుకున్నారు.

ఏది కొన్నాం, ఎందుకు

పిస్టనా, స్క్రూనా అన్నది ఇక్కడ పెద్ద చర్చ కాలేదు. గాలితో చల్లబడే పిస్టన్ మిషన్‌ని గంటలో అరవై, డెబ్బై శాతం కంటే ఎక్కువ లోడు మీద ఉంచకూడదు, మిగతా సమయం చల్లారాలి. ఈ షెడ్డులో అది చల్లారే అవకాశమే లేక వాల్వులు మాడిపోయాయి. రోజుకి రెండు మూడు గంటలు పనిచేసే పంచర్ షాపుకో, చిన్న సర్వీసు సెంటరుకో పిస్టన్ మిషనే ఇప్పటికీ మంచి కొనుగోలు. స్క్రూ మిషన్ రోజంతా పూర్తి లోడు మీద నడవడానికే తయారైంది, గాలిలో నూనె తక్కువ వదులుతుంది, పక్కన నిలబడి మామూలుగా మాట్లాడుకోవచ్చు. మందుల ఫ్యాక్టరీ అయితే ఆయిల్ ఫ్రీ గురించి మాట్లాడేవాణ్ణి. లారీ పెయింటుకు మంచి ఫిల్టర్లు చాలు.

11 కిలోవాట్లు, అంటే 15 హెచ్‌పీ స్క్రూ, 7.5 బార్ మోడల్, ఎఫ్ఏడీ 60 సీఎఫ్ఎం. ఇదే సైజులో 10 బార్ మోడల్ కూడా ఉంటుంది, దాని గాలి ఇంకా తక్కువ. మోటారు అంతే కదా, ప్రెషర్ పెంచుకుంటే గాలి తగ్గుతుంది. "ఎందుకైనా మంచిది, పది బార్ తీసుకుందాం" అనే మాట ప్రతి చోటా వింటాను. ఆ మంచితనానికి పదేళ్లు కరెంటు బిల్లు కట్టాలి.

30 హెచ్‌పీ తీసుకుంటే ఏమయ్యేదో కూడా కాగితం మీద వేసి చూపించాను. సగటు అవసరం 33 కాబట్టి 120 ఇచ్చే మిషన్ రోజులో పావు వంతుకు కాస్త పైన మాత్రమే లోడు మీద ఉంటుంది. మిగతా సమయం మోటారు ఖాళీగా తిరుగుతుంది. ఖాళీగా తిరిగినా ఫిక్స్‌డ్ స్పీడ్ స్క్రూ పూర్తి లోడులో దాదాపు 30 శాతం కరెంటు లాగుతుంది. లోడు మీద 69 యూనిట్లు, ఖాళీగా 54, రోజుకి 123. అంటే పాత చెడిపోయిన మిషన్ కంటే ఎక్కువ! 15 హెచ్‌పీకి అదే లెక్క 87.

వీఎఫ్‌డీ మోడల్ మీద చాలాసేపు వాదించుకున్నాం. గాలి అవసరాన్ని బట్టి మోటారు స్పీడు తగ్గించుకుంటుంది, రోజుకి ఇంకో 13 యూనిట్లు మిగిలేవి. ధర మాత్రం ఎక్కువ. మూడేళ్ల పైన పడుతుంది ఆ తేడా తిరిగి రావడానికి. ఈ వీధిలో వెల్డింగ్ మిషన్ల వల్ల ఓల్టేజీ ఎగుడుదిగుడుగా ఉంటుంది, దుమ్ము సరే సరి. డ్రైవ్ బోర్డు పోతే షెడ్డు ఆగిపోతుంది. అందుకే ఫిక్స్‌డ్ స్పీడ్ తీసుకుని 1000 లీటర్ల ట్యాంకు పెట్టాం. ఈ ఒక్క నిర్ణయంలో నాకు ఇంకా పూర్తి తృప్తి లేదు. శుభ్రమైన గది, నిలకడైన కరెంటు ఉన్న చోటైతే, ఉదాహరణకు పగలూరాత్రీ బియ్యాన్ని రంగు చూసి ఏరే సార్టెక్స్ మెషీన్లు నడిపే రైస్ మిల్లులో అయితే, నేను వీఎఫ్‌డీ వైపే ఉండేవాణ్ణి.

రెండేళ్లలో రెండో పెయింటు బూత్ కట్టాలన్న ఆలోచన వాళ్లకుంది. దానికోసం పైపులైను మొదట్లో ఒక టీ, ఒక వాల్వు, పక్కన ఇంకో మిషన్‌కు చోటు వదిలాం. ఒక 30 కంటే రెండు 15లు మేలు. ఒకటి సర్వీసుకు ఆగినా పని ఆగదు, అవసరం తక్కువున్న రోజు ఒకటే నడుస్తుంది. పాత పిస్టన్ మిషన్‌కి వాల్వులు వేయించి స్టాండ్‌బైగా ఉంచాం. దాని ట్యాంకుకు ఒక్క టెస్ట్ సర్టిఫికెట్ కూడా లేదు. ప్రెషర్ ట్యాంకు అంటే అప్పట్లో ఫ్యాక్టరీల చట్టం 31వ సెక్షన్ కిందికి వచ్చేది. కాంపిటెంట్ పర్సన్‌ని, అంటే ప్రభుత్వ గుర్తింపున్న తనిఖీదారుని పిలిపించి, రేకు మందం, నీళ్లు నింపి ప్రెషర్ పెట్టి చూసే హైడ్రో టెస్ట్ చూపించాకే మళ్లీ వాడనిచ్చాను.

నీళ్ల సంగతి

పెయింటు మీద బుడగలకు పెద్ద మిషన్ మందు కాదు, ఎక్కువ గాలి పీలిస్తే నీళ్లు కూడా ఎక్కువే వస్తాయి. వానాకాలంలో విజయవాడలో వేడీ, తేమా రెండూ ఎక్కువే. 35 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉందనుకుందాం. అలాంటి గాలి ఒక ఘనపు మీటరులో 32 గ్రాముల దాకా నీటి ఆవిరి ఉంటుంది. 60 సీఎఫ్ఎం మిషన్ గంటకు 102 ఘనపు మీటర్లు పీలుస్తుంది. అంటే గంటకు మూడు లీటర్ల పైన నీళ్లు గాలితో పాటు లోపలికి పోతున్నాయి. గాలిని నొక్కి 40 డిగ్రీలకు చల్లార్చగానే అందులో రెండున్నర లీటర్లు నీరుగా పడిపోతాయి. మిగిలిన అర లీటరు పైచిలుకు ఆవిరిగానే పైపులోకెళ్లి, దారిలో చల్లబడి, సరిగ్గా గన్నులో బయటపడుతుంది.

ఆ మిగిలిన నీటిని తీయడానికి రిఫ్రిజిరేషన్ డ్రైయర్ పెట్టాం. గాలిని 3 డిగ్రీల డ్యూ పాయింటుకు (ఆవిరి నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రతకు) దించుతుంది, ఐఎస్ఓ 8573-1లో నీటికి 4వ తరగతి. ఇక్కడొక తిరకాసు ఉంది. డ్రైయర్ మీద 60 సీఎఫ్ఎం అని రాసి ఉంటే అది 35, 38 డిగ్రీల గాలికి వర్తించే అంకె. మా మే నెల గదిలో 45, లోపలికొచ్చే గాలి 50. ఆ వేడిలో డ్రైయర్ సామర్థ్యం మూడింట రెండొంతులకు పడిపోతుంది. అందుకే 60 మిషన్‌కు 100 సీఎఫ్ఎం డ్రైయర్ తీసుకున్నాం. అమ్మేవాళ్లు అడగందే ఇది చెప్పరు. దాని తరువాత పెయింటు లైనుకు మాత్రమే 0.01 మైక్రాన్ ఫిల్టరు. షెడ్డంతటికీ అది వేస్తే ప్రెషర్ దండగ.

పైపులైను మొత్తం ఒకటిన్నర అంగుళం జీఐ పైపుతో షెడ్డు చుట్టూ రింగులా తిప్పాం. ప్రతి వంద అడుగులకు ఒక అడుగు వాలు, పల్లంలో డ్రెయిన్లు, పనిముట్లకు దిగే పైపులన్నీ పెద్ద పైపు నెత్తి మీద నుంచి తీసినవే. అడుగు నుంచి తీస్తే నీళ్లు నేరుగా పనిముట్టులోకే వస్తాయి. మిషన్, డ్రైయర్, ట్యాంకు, పైపులు అన్నీ కలిపినా ఆ 30 హెచ్‌పీ మిషన్ ఒక్కదానికిచ్చిన కొటేషన్ దాటలేదు.

పెట్టిన తరువాత

కంప్రెసర్‌ని ఉత్తరం వైపు గదిలోకి మార్చాం. తీసుకునే కరెంటులో తొంభై శాతం పైన వేడిగానే బయటికొస్తుంది, అంటే ఆ గదిలో పది కిలోవాట్ల హీటరు పెట్టినట్టే. వేడి గాలి బయటికి పోవడానికి రేకు డక్టు చేయించాం. ఫేజులు తారుమారైతే స్క్రూ వెనక్కి తిరిగి కొన్ని సెకన్లలోనే పాడవుతుంది కాబట్టి ఫేజ్ రిలే పనిచేస్తోందో లేదో స్వయంగా చూశాను.

అయినా మూడో రోజునే ఫోన్: "మిషన్ మధ్యాహ్నం ట్రిప్ అవుతోందండీ, 110 డిగ్రీలు చూపిస్తోంది." వెళ్లి చూస్తే గది కిటికీ లూవర్లకు లోపల నుంచి ప్లైవుడ్ షీటు కొట్టి ఉంది. కొత్త మిషన్ మీద దుమ్ము పడకూడదని వడ్రంగి ప్రేమగా చేసిన పని. చల్లగాలి వచ్చే దారి అదొక్కటే. షీటు తీసేసి, దుమ్ము ఆపే మెష్ ఫిల్టరు పెట్టించాను, దాన్ని వారానికోసారి దులపాలని గోడ మీద రాయించాను. తరువాత ఆ ట్రిప్ రాలేదు.

విడిగా పెట్టిన మీటరు రోజుకి 82 నుంచి 90 యూనిట్ల మధ్య చూపిస్తోంది. పాత 110తో పోలిస్తే నెలకు ఆదా అయ్యేది నాలుగు వేల చిల్లరే. కరెంటు ఆదా మీదే పెట్టుబడి వెనక్కొస్తుందని నేనెప్పుడూ చెప్పలేదు. నీళ్ల వల్ల మళ్లీ గీకి వేసిన పెయింటు పని డిసెంబరు దాకా ఒక్కటీ లేదు, యజమాని లెక్క చూసుకునేది అదీ.

డిసెంబరులో మళ్లీ లీకు టెస్ట్ చేశాం. జూన్‌లో మొదలుపెట్టినప్పుడు మిషన్ 42 సెకన్లు కొట్టి, దాదాపు పది నిమిషాలు ఆగేది, అంటే 4 సీఎఫ్ఎం. ఇప్పుడు 45 సెకన్లు కొట్టి, 5 నిమిషాల 38 సెకన్లకే మళ్లీ మొదలైంది. 7 సీఎఫ్ఎం. సబ్బు నీళ్లతో తిరిగితే అయిదు కప్లర్లు బుడగలు కట్టాయి, రెండు చోట్ల మూలన పడేసిన పాత 8 మిల్లీమీటర్ల హోసులు మళ్లీ లైనుకు ఎక్కి ఉన్నాయి. మేస్త్రి ఆ రెండు హోసుల్నీ తనే విప్పి, కత్తితో మూరెడేసి ముక్కలుగా కోసి, నీళ్ల బకెట్ల పక్కన పడేశారు. కప్లర్లు ఆ ఆదివారం మార్చారు.